‘ఓపెన్‌గా’ అంటే ఎవరెవరికి చెప్పినట్టు?

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, అమెరికాలో గే, లెస్బియన్ పిల్లల కాలేజీ చదువుకు విడిగా స్కాలర్‌షిప్‌లు ఉన్నాయని నాలుగు ముక్కలు రాశాను. ఆ నాలుగు ముక్కలకు వచ్చినన్ని ఉత్తరాలు ఎస్‌ఏటీ మార్కుల గురించి రెండు పేజీలు రాసినప్పుడు కూడా రాలేదు. దాదాపు అందరూ పేరు వేయొద్దన్నారు, ఒకాయన రాష్ట్రం పేరు కూడా వద్దన్నారు (వేయలేదు సార్). అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ఆంటీ, నేను హైస్కూల్ సీనియర్‌ని, ఇక్కడే పుట్టాను. నేను గే అని అక్కకి, ఇద్దరు ఫ్రెండ్స్‌కి, స్కూల్ కౌన్సెలర్‌కి తెలుసు. అమ్మానాన్నలకు తెలీదు. కౌన్సెలర్ కొన్ని స్కాలర్‌షిప్‌లు చూపించింది, వాటిలో కొన్ని ‘ఓపెన్‌గా గే’ అయినవాళ్లకే అంటున్నాయి. నేను ఓపెన్ కిందికి వస్తానా? ఇంట్లో తెలియకుండా అప్లై చేయొచ్చా?
– పేరు వద్దు, న్యూజెర్సీ

వస్తావా రావా అని కొలిచి చెప్పే సర్టిఫికెట్ ఏదీ లేదు బాబూ. ఎవరి నిబంధన వాళ్లది. అన్నిటికంటే పెద్దది పాయింట్ ఫౌండేషన్, 2001లో మొదలైంది, డబ్బుతో పాటు ఒక మెంటర్‌ని కూడా ఇస్తుంది. దాని ముఖ్యమైన స్కాలర్‌షిప్‌కి అప్లై చేసేవాళ్లు బయటికి చెప్పుకున్నవాళ్లయి ఉండాలని అడుగుతూ వచ్చింది. మరికొన్ని సంస్థలు ‘నేను ఇది’ అని అప్లికేషన్‌లో రాస్తే చాలంటాయి. ఎవరూ మీ ఇంటికి ఫోన్ చేసి ‘మీవాడు గేనా’ అని అడగరు, ఆ భయం వద్దు. వాళ్లు చూసేది నీ వ్యాసం, నీ టీచర్లు రాసిన ఉత్తరాలు.

మరి ఆ మాట ఎందుకు పెడతారంటే, ఈ నిధుల పుట్టుకలోనే ఉంది కారణం. వ్యోమింగ్ యూనివర్సిటీలో చదువుతున్న మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల కుర్రాణ్ని 1998 అక్టోబరులో, గే అన్న కోపంతో, ఊరి బయట కంచెకు కట్టేసి కొట్టారు. ఆరు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. అతని పేరు మీద స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. అంతకు ముందే, 1996లో, ఏటీ అండ్ టీ కంపెనీలో పనిచేసే గే ఉద్యోగులు చేతులు కలిపి హైస్కూల్ సీనియర్ల కోసం లీగ్ ఫౌండేషన్ పెట్టారు. వీళ్లందరికీ ఒక కోరిక ఉంటుంది: తమ డబ్బుతో చదివిన పిల్లలు నలుగురికీ కనపడాలి, వాళ్లని చూసి ఇంకో ఊళ్లో ఇంకో పిల్లవాడు ధైర్యం తెచ్చుకోవాలి. అంటే ‘ఓపెన్‌గా’ అన్నది నువ్వు నిజం చెబుతున్నావా లేదా అన్న పరీక్ష కాదు, నీ పేరు, ఫొటో వాడుకుంటే నీకు ఇబ్బంది లేదు కదా అన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకి ఇవాళ నీ జవాబు ‘ఇబ్బందే’ అని నీ ఉత్తరమే చెబుతోంది. ఎందుకంటే విషయం బయటికి పొక్కే దారులు చాలా ఉన్నాయి. గెలిచినవాళ్ల జాబితా వెబ్‌సైట్‌లో పెడతారు. మన పేర్లు జాన్ స్మిత్ లాంటివి కావు, ఇంటిపేరుతో కలిపి గూగుల్‌లో కొడితే ప్రపంచం మొత్తానికి ఒక్కడే తేలతాడు, అలా కొట్టి చూసే పిన్నులూ బాబాయిలూ ప్రతి ఇంట్లోనూ ఉంటారు. చెక్కు మామూలుగా కాలేజీకే వెళ్తుంది, కానీ ఫీజు బిల్లులో సంస్థ పేరుతో సహా ఒక లైను పడుతుంది, ఆ బిల్లు కట్టేది నాన్న అయితే ఆ లైను చదివేది కూడా నాన్నే. నీకు 18 నిండకపోతే ఫొటో వేసుకోడానికి తల్లిదండ్రుల సంతకం అడగొచ్చు. ఇక ఇంట్లో అందరూ వాడే ఐప్యాడ్‌లో నీ మెయిల్ తెరిచి ఉంటే వీటన్నిటి దాకా వెళ్లక్కర్లేదు.

‘కాలేజీకి వెళ్లాక నా రికార్డులు నావే కదా, ఫెర్పా చట్టం ఉంది కదా’ అని ఇంకో అబ్బాయి రాశాడు, అతనికీ కలిపి చెబుతున్నా. 1974 నాటి ఆ చట్టం ప్రకారం కాలేజీలో చేరగానే రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, నిజమే. కానీ తల్లిదండ్రులు పన్నుల్లో నిన్ను డిపెండెంట్‌గా చూపిస్తుంటే, నీ అనుమతి లేకుండానే వాళ్లకి వివరాలు చెప్పడానికి కాలేజీకి వీలుంది. చెప్పి తీరాలని లేదు, చెప్పొచ్చని ఉంది. ఆ తేడా మీద నీ గుట్టు నిలబెట్టుకోకు.

నేను ఒక కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ఒక అమ్మాయి వచ్చింది. తెల్ల కవరు, ఎడమ మూలన వేలెడంత ఇంద్రధనుస్సు, పక్కన సంస్థ పేరు. అప్లికేషన్‌లో హాస్టల్ అడ్రసు బదులు అలవాటుగా ఇంటి అడ్రసు రాసేసిందట. కవరు తండ్రి చేతిలో పడింది. రెండో సెమిస్టర్ ఫీజు ఆయన కట్టలేదు. స్కాలర్‌షిప్ ఎంతంటే 1,500 డాలర్లు. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ కవరునే మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది, చివరికి సరిగ్గా ఆ బొమ్మ మీదే కాగితం చిట్లింది.

అందుకని నా మాట ఇది. ఈ స్కాలర్‌షిప్‌లలో చాలావరకు వెయ్యి, రెండు వేలు, ఐదు వేల డాలర్ల మధ్య ఉంటాయి. నీ చదువుకి వచ్చే పెద్ద డబ్బు కాలేజీ ఇచ్చే సాయం, ఫెడరల్ సాయం, అమ్మానాన్నల జేబు, ఈ మూడూ వాళ్ల సంతకంతో ముడిపడినవే. రెండు వేల కోసం ఇరవై వేల సంతకం పోగొట్టుకోవద్దు. నచ్చిన సంస్థకి నీ సొంత మెయిల్ నుంచి ముందే రాసి ‘గెలిస్తే నా పేరు, ఫొటో ప్రకటించకుండా ఉంచగలరా’ అని అడుగు. ఇది వాళ్లకి కొత్త ప్రశ్నేమీ కాదు. సరే అంటే అప్లై చెయ్యి, కుదరదంటే వదిలెయ్. వీటిలో చాలావాటికి కాలేజీలో చేరాక కూడా అప్లై చేసుకోవచ్చు, ఈ ఏడాదితో తలుపు మూసుకుపోదు. ఇంట్లో ఎప్పుడు చెప్పాలన్నది నీకు తెలియాలి, అప్లికేషన్ గడువు తేదీ దాన్ని నిర్ణయించకూడదు. అక్క ఉంది కదా, ఆమెతో మాట్లాడు.

మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయి రెండేళ్ల క్రితం మాకు చెప్పాడు. మొదట్లో చాలా కష్టమైంది, దాచుకోను. ఇప్పుడు ఇంట్లో మామూలుగానే ఉన్నాం. ఇప్పుడేమో ఈ స్కాలర్‌షిప్‌లకి వ్యాసాలు రాస్తానంటున్నాడు. మా ఇద్దరివీ మంచి ఉద్యోగాలు. ఇంటి విషయం రాసి డబ్బు అడగడం నాకు మనస్కరించడం లేదు. ఊళ్లో మా అమ్మకి ఇంకా తెలియదు. వద్దని చెప్పొచ్చా?
– ఓ తండ్రి, టెక్సస్

దాచుకోనన్నారు చూడండి, అక్కడే మీ మీద గౌరవం కలిగింది. ఇక ప్రశ్నకి వస్తే, వద్దని చెప్పొచ్చు, వినాలా వద్దా అన్నది అతనిష్టం. కానీ మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీద్దాం.

ఒకటి, మనకి అవసరమా అన్నది. కొన్ని నిధులు ఆర్థిక అవసరం చూసి ఇస్తాయి, అక్కడ మీ ఆదాయం రాయగానే తేలిపోతుంది, మొహమాటపడాల్సింది లేదు. కొన్ని చదువు, నాయకత్వం, తోటివాళ్ల కోసం చేసిన పని చూస్తాయి. స్కూల్లో క్లబ్ నడిపాడా, వేధింపులకి గురైన జూనియర్ పక్కన నిలబడ్డాడా, అలాంటివి. అలాంటి చోట మీవాడు పోటీపడటంలో తప్పేముంది? లెక్కల ఒలింపియాడ్‌లో బహుమతి వస్తే మీరు అభ్యంతరం చెప్పరు కదా.

రెండోది, అసలైనది, ఇంటి విషయం. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్నది మనకి ఉగ్గుపాలతో పట్టిన మాట, మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయితే అతని వ్యాసంలో మీరూ ఒక పాత్ర అని మర్చిపోకండి, బహుశా మీకున్న అసలు టెన్షన్ అదేనేమో. ఆ మొదటి నెలల్లో మీరన్న మాటలు ఎవరో చదువుతారని. ‘వద్దు’ అనే బదులు ‘నా గురించి ఏం రాస్తున్నావు’ అని అడగండి. ‘నానమ్మ ఊసు తేకు, గెలిస్తే నానమ్మకి ముందు మనమే చెప్పాలి’ అని అడగండి. ఇవి న్యాయమైన కోరికలు, పిల్లలు వింటారు.

ఒక చిన్న స్థానిక నిధికి నేను మూడేళ్లు వ్యాసాలు చదివిపెట్టాను, ఆ అనుభవంతో అబ్బాయికి ఒక మాట. కష్టాలు ఏకరువు పెట్టే వ్యాసాలు గెలుస్తాయని పిల్లలు అనుకుంటారు, దానికోసం లేని కన్నీళ్లు కూడా తెస్తారు. నలభై వ్యాసాలు వరసగా చదివినవాళ్లకి ఆ కన్నీళ్లన్నీ ఒకే రుచిగా ఉంటాయి. నాకు ఇప్పటికీ గుర్తున్న వ్యాసంలో ఏడుపు లేదు. ఒక కుర్రాడు, వాళ్ల నాన్న తనతో ఆరు వారాలు మాట్లాడకుండా, రోజూ పొద్దున కారు అద్దం మీది మంచు మాత్రం ఎలా గీకి వెళ్లేవాడో రాశాడు, తన కారుది కాదు, కొడుకు కారుది. అంతే, తర్వాత స్కూల్లో తను చేసిన పని గురించి రాశాడు. కమిటీలో ఎవరూ ఇంకో వ్యాసం గురించి మాట్లాడలేదు. మీ గురించి మీవాడు అలాంటిదే రాసి ఉండొచ్చు, అడిగి చూడండి.

ఈ వివరం రాస్తే కాలేజీ వాళ్లు చిన్నచూపు చూస్తారేమో అన్న అనుమానం కూడా ఉంటే, 2011లోనే ఇల్లినాయ్‌లోని ఎల్మ్‌హర్స్ట్ కాలేజీ అడ్మిషన్ ఫారంలో ‘మీరు ఈ వర్గానికి చెందినవారా’ అన్న ప్రశ్న చేర్చింది, జవాబివ్వడం విద్యార్థి ఇష్టం. అవునన్నవాళ్లని ట్యూషన్‌లో మూడో వంతు దాకా వచ్చే ఒక స్కాలర్‌షిప్‌కి పరిశీలిస్తామంది కూడా.

గే కాకపోయినా గే అని రాసి అప్లై చేస్తే ఎవరు కనిపెడతారండీ? ఊరికే అడుగుతున్నా.
– పేరు, ఊరు రెండూ వద్దు

ఊరికే అడిగేవాళ్లు పేరు దాచుకోరు నాయనా. కనిపెట్టడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ గెలిస్తే నీ ఫొటో కింద ‘గే విద్యార్థి’ అని వేస్తారు, విందుకి పిలిచి మైకు ఇస్తారు, మెంటర్ నెలనెలా ఫోన్ చేసి ఎలా ఉన్నావంటాడు. ఆ అబద్ధాన్ని నాలుగేళ్లు మోయడం కంటే క్యాంపస్ లైబ్రరీలో పుస్తకాలు సర్దుకోవడం తేలిక, డబ్బులు కూడా దాదాపు అంతే వస్తాయి. పైగా అప్లికేషన్‌లో అబద్ధమని తేలితే డబ్బు వెనక్కి అడుగుతారు, కాలేజీ క్రమశిక్షణ కమిటీ దాకా కూడా పోవచ్చు.

అక్కా, నాకు 19. రెండో ఏడాది చదువుతున్నాను. నా గర్ల్‌ఫ్రెండ్ సంగతి ఇంట్లో తెలిసి, ఇంటికి రావద్దన్నారు, ఫీజు కట్టేది లేదన్నారు. ఇప్పుడు ఫ్రెండ్స్ గదుల్లో ఉంటున్నా. ఫాఫ్సాలో (ఫెడరల్ సాయం కోసం నింపే ఫారంలో) వాళ్ల ఆదాయం చూపించాలంటున్నారు. వాళ్లు ఫోనే ఎత్తడం లేదు. స్కాలర్‌షిప్‌లు వెతుకుతున్నాను, ఒక్కటీ మొత్తం ఫీజుకి సరిపోదు.
– పేరు వద్దు

ముందు వెతకడం ఆపి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి వెళ్లమ్మా, ఇవాళే. నీ విషయంలో స్కాలర్‌షిప్ రెండో మెట్టు, మొదటిది ఫాఫ్సా.

ఫెడరల్ నిబంధన ప్రకారం 24 ఏళ్లు వచ్చేదాకా విద్యార్థిని తల్లిదండ్రుల మీద ఆధారపడినట్టే లెక్కేస్తారు. పెళ్లయినవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు, తల్లిదండ్రులు లేనివాళ్లు, ఇలా కొందరికి మినహాయింపు. ఇక్కడ అందరూ పొరపాటు పడే చోటు ఒకటుంది. ‘మా అమ్మానాన్నలు డబ్బివ్వనంటున్నారు, ఫారం నింపనంటున్నారు’ అంటే అది మినహాయింపు కాదు. ఆ మాట మీదే ఆగిపోతే నీకు దొరికేది సబ్సిడీ లేని ఫెడరల్ అప్పు (చదువుతుండగానే వడ్డీ పడేది) ఒక్కటే, మొదటి ఏడాదికైతే 5,500 డాలర్ల దాకా, రెండో ఏడాదికి ఇంకో వెయ్యి. కానీ ‘ఇంట్లోంచి వెళ్లగొట్టారు, సంబంధాలు తెగిపోయాయి’ అన్నది వేరు. దాన్ని అసాధారణ పరిస్థితి కింద చూడమని నిబంధనల్లోనే ఉంది. 2024–25 నుంచి ఫారంలోనే ఆ ప్రశ్న ఉంది. అవునని పెడితే తాత్కాలికంగా ఇండిపెండెంట్‌గా లెక్కేసి ముందుకి పంపిస్తారు, తర్వాత మీ కాలేజీ ఆధారాలు చూసి ఖాయం చేస్తుంది. జరిగింది ఒకటే, ఏ మాటల్లో చెబుతావన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అబద్ధం చెప్పమనడం లేదు, జరిగింది మొత్తం చెప్పమంటున్నా. మన పిల్లలు ఆఫీసులో కూర్చుని కూడా ‘మా వాళ్లు మంచివాళ్లే, కొంచెం కోపంగా ఉన్నారు’ అని కప్పిపుచ్చుతారు, ఎదుటివాళ్లు అదే రాసుకుంటారు.

ఆధారాలంటే కోర్టు కాగితాలే కానక్కర్లేదు. విషయం తెలిసిన కౌన్సెలర్, ప్రొఫెసర్, సోషల్ వర్కర్ ఎవరైనా రాసిన ఉత్తరం, ‘ఇంటికి రాకు’ అని నాన్న పెట్టిన వాట్సాప్ మెసేజ్ తెలుగులో ఉంటే దాని అనువాదంతో సహా ఇవ్వు. ఆ మెసేజ్ కోపంలో డిలీట్ చేయకు, ఎంత బాధ పెట్టినా సరే.

ఫ్రెండ్స్ గదుల్లో ఉంటున్నానన్నావు. స్థిరమైన చోటు లేకుండా, తల్లిదండ్రులు పక్కన లేకుండా ఉన్నవాళ్లని నిరాశ్రయ యువత కింద కూడా పరిగణిస్తారు, ఇలా ఒకరి సోఫా నుంచి ఇంకొకరి సోఫాకి మారడం కూడా అందులోకే వస్తుంది. ఆ దారి కూడా అడుగు. ఇండిపెండెంట్‌గా ఖాయమైతే నీ ఆదాయం మాత్రమే చూస్తారు, అప్పుడు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ దాదాపు పూర్తిగా రావచ్చు, 2024–25లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు. ఒకసారి ఒప్పుకుంటే అదే కాలేజీలో మిగతా ఏళ్లకి కూడా మామూలుగా కొనసాగిస్తారు, నీ పరిస్థితి మారితే తప్ప.

ఆ తర్వాత స్కాలర్‌షిప్‌లు. నీకిప్పుడు ‘ఓపెన్‌గా’ అన్న మాటతో నష్టం లేదు కాబట్టి ధైర్యంగా వెళ్లు. వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మోంటానా, అలాస్కాల్లో ఎక్కడైనా ఉంటే ప్రైడ్ ఫౌండేషన్ చూడు, 1985 నుంచి ఉంది, ఒక్క అప్లికేషన్ పెడితే వాళ్ల దగ్గరున్న చాలా నిధులకి కలిపి చూస్తారు. కాలేజీ డీన్ దగ్గర అత్యవసర నిధి ఉంటుంది, అది కూడా అడుగు, తిండికీ బస్సుకీ పనికొస్తుంది.

మా అమ్మాయి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది. తను లెస్బియన్ అని మాకు చెప్పింది, మాకు ఇబ్బంది లేదు. ఈ స్కాలర్‌షిప్‌లకి తనకి అర్హత ఉంటుందా?
– ఓ తల్లి

ఫెడరల్ సాయం రాదండి, హెచ్4 పిల్లలకి ఫాఫ్సాతో పనిలేదు, వర్క్ స్టడీ (చదువుకుంటూ పనిచేసి సంపాదించుకునే ఫెడరల్ సాయం) కూడా లేదు, ఎందుకంటే హెచ్4 పిల్లలకి పనిచేసే అనుమతి ఉండదు. ప్రైవేటు ఫౌండేషన్ల సంగతి వేరు, అవి ప్రభుత్వ డబ్బు కాదు కాబట్టి ఎవరికి ఇవ్వాలో వాళ్లిష్టం. వ్యాసం మొదలుపెట్టకముందే అర్హతల పేజీలో ‘సిటిజన్ లేదా పర్మనెంట్ రెసిడెంట్’ అన్న లైను ఉందో లేదో చూడండి. ఉంటే ఆ రోజు వృథా చేసుకోకండి. ‘అమెరికాలోని గుర్తింపు ఉన్న కాలేజీలో చదువుతూ ఉండాలి’ అని మాత్రమే ఉంటే పెట్టండి. 21 నిండగానే హెచ్4 పోయి ఎఫ్1 విద్యార్థి వీసాకి మారాల్సి వస్తుంది కదా, మధ్యలో వీసా మారినా స్కాలర్‌షిప్ ఆగదని ఒక మెయిల్‌లో రాయించుకోండి. మీ రాష్ట్రంలో హెచ్4 పిల్లలకి ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకి తీసుకునే తక్కువ ఫీజు) ఉందా అన్నది కాలేజీ రెసిడెన్సీ ఆఫీసులో కనుక్కోండి, దానితో మిగిలే డబ్బు ముందు ఏ స్కాలర్‌షిప్ అయినా చిన్నదే.

మావాడికి ఒక గే విద్యార్థుల నిధి నుంచి 4,000 డాలర్లు వచ్చాయని స్వీట్లు పంచాం. కాలేజీ తను ఇచ్చే గ్రాంట్‌లో సరిగ్గా 4,000 తగ్గించింది! ఇదేం న్యాయం?
– కాలిఫోర్నియా వెలుపల నుంచి

న్యాయం కాదు, కానీ చాలా చోట్ల నడుస్తోంది. బయటి నుంచి ఏ స్కాలర్‌షిప్ వచ్చినా కాలేజీకి చెప్పాలి, మొత్తం సాయం మీ అవసరాన్ని మించకూడదన్న పేరుతో వాళ్లు తమ గ్రాంట్ కోసేస్తారు. 2017లో మేరీలాండ్ మొదటగా ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని కట్టడి చేస్తూ చట్టం చేసింది, తర్వాత కాలిఫోర్నియాతో సహా మరికొన్ని రాష్ట్రాలు చేశాయి. మీ రాష్ట్రంలో లేకపోతే బతిమాలడమే దారి. ‘గ్రాంట్ బదులు అప్పు భాగం, వర్క్ స్టడీ భాగం ముందు తగ్గించండి’ అని అడగండి, చాలా ఆఫీసులు ఒప్పుకుంటాయి, అడిగినవాళ్లకే. వాళ్లు కాదంటే నిధి వాళ్లని అడగండి, సగం వచ్చే ఏడాదికి వాయిదా వేయగలరేమో.

ఇంకొకటి, ట్యూషన్‌కి, ఫీజులకి, తప్పనిసరి పుస్తకాలకి వాడిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు, హాస్టల్ గదికీ మెస్సుకీ వాడితే ఆ భాగం ఆదాయం కింద లెక్క. డబ్బు దేనికి జమ చేశారో కాలేజీ దగ్గర కాగితం తీసుకుని పెట్టుకోండి. ఆ మెయిళ్లన్నీ మే నెలలోపే పంపండి, జూలైలో ఆ ఆఫీసుల్లో సగం మంది సెలవులో ఉంటారు, ఉన్నవాళ్లకి మీ ఫైలు ఎక్కడుందో తెలియదు.